పర్లాకిమిడిలో ఒక పధ్నాలుగు నిమిషాల సినిమా

తెలుగైనా ఒడియా అయినా మా బ్యాచికి సినిమా అంటే హీరో, పాట, ఫైటు. అలాంటి మాకు ఇంగ్లీషు మాస్టారు ఒక సాయంత్రం కిటికీలకు దుప్పట్లు కట్టించి ‘మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్’ వేశారు. 1943లో మాయా డెరెన్, ఆమె భర్త అలెగ్జాండర్ హామిడ్ కలిసి లాస్ ఏంజెలెస్‌లో తమ ఇంట్లోనే 16 ఎం.ఎం. కెమెరాతో తీసిన సినిమా. మాటలుండవు.

“కథేటి మాస్టారూ?” అన్నాడు వెనక బెంచీవాడు.

“కథ తరవాత. ముందు ఎవరి కళ్లతో చూస్తున్నారో చెప్పండ్రా” అని మళ్లీ మొదట్నించీ వేశారు, ఆపుతూ ఆపుతూ.

మొదట్లో సినిమాలోని ఆడమనిషి ముఖం కనపడదు. చెయ్యి, నీడ, కాళ్లు, అంతే. మెట్ల మీద జారిపడే తాళంచెవి, రొట్టెలో గుచ్చిన కత్తి, ఎత్తిపెట్టిన ఫోను, అన్నీ ఆమె చూపుతోనే చూస్తాం. ఆమె కుర్చీలో నిద్రపోయాకే ముఖం చూపిస్తారు. మరి ఇప్పుడు చూస్తున్నదెవరు? తికమక అక్కడ మొదలవుతుంది. మెట్ల మీద ఆమె అటూ ఇటూ తూలుతుంటే ఇల్లే ఊగుతోందనుకున్నాం. ఊగింది కెమెరా, దానికి తగ్గట్టు ఆమె గోడలకు ఒరిగింది.

నాకు ఇప్పటికీ నచ్చేది ఆ అడుగులు. కత్తి పట్టుకుని లేస్తుంది. ఒక అడుగు ఇసక మీద, ఇంకోటి గడ్డి మీద, ఆపైన సిమెంటు బాట మీద, చివరికి గదిలో తివాచీ మీద. నడక తెగదు, చోటు మారిపోతుంది. బరంపురంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ పెళ్లికూతురి నడకకు ఇదే కట్ వాడుతుంటాను. అందరూ మెచ్చుకుంటారు. డెరెన్ పేరు మాత్రం బిల్లులో వెయ్యను.

తాళంచెవి అంటే ఇది, అద్దం ముఖమున్న నల్లముసుగు మనిషి అంటే అది అని రాసుకుంటే పరీక్షకు పనికొస్తుందేమో, సినిమాకు పనికిరాదు. ఆ తాళంచెవి ఒకసారి ఆమె నోట్లోంచి వస్తుంది, అరచేతిలో ఉండగానే కత్తి అయిపోతుంది. రోజూ ముట్టుకునే వస్తువులు కాబట్టే భయం.

మాస్టారు సౌండు కట్టేసి చూపించారు. ఇప్పుడు దొరికే ప్రింట్లలో ఉన్న సంగీతం 1959లో టేజీ ఇటో చేర్చినది. అది వింటే ఎక్కడ బెదరాలో ముందే తెలిసిపోతుంది. చూడాలనుకునే జూనియర్లు మొదటిసారి సౌండు లేకుండానే చూడండి.