ట్రోమ్సో నుంచి లాంగ్‌ఇయర్‌బ్యెన్: గంటా నలభై నిమిషాల విమానం, దాని వెనక వీసా తంటా

నార్వే ఉత్తరాన ట్రోమ్సో. అక్కడి నుంచి ఇంకా పైకి, స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌ఇయర్‌బ్యెన్‌కి దాదాపు 950 కిలోమీటర్లు. విమానంలో గంటా నలభై నిమిషాలు. మధ్యలో అంతా సముద్రమే, రోడ్డూ రైలూ అడక్కండి. మొన్ననే వెళ్లొచ్చాం. ప్రయాణం సంగతి ఇంతే. అసలు ప్రయాస అంతా హైదరాబాద్‌లోనే పడ్డాం.

స్వాల్‌బార్డ్ నార్వేదే కానీ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో, లేదు. 1920 నాటి ఒప్పందం పుణ్యమా అని ఏ దేశం వాళ్లకీ అక్కడ వీసా అక్కర్లేదు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నార్వే మీదుగానే పోవాలి కదా! ట్రోమ్సోలో విమానం ఎక్కితే షెంగెన్ దాటినట్టు, తిరిగొచ్చి దిగితే మళ్లీ ప్రవేశించినట్టు. మన పాస్‌పోర్టుకి కనీసం రెండు ఎంట్రీల వీసా కావాలి. ఫారంలో మేం అడిగిందీ రెండే. పాస్‌పోర్టులు చేతికొచ్చాక మా ఆవిడ స్టిక్కర్ చూసి, "ఇదేంటండీ, 01 అని ఉంది?" అంది.

వీసా సెంటర్‌కి పరిగెత్తాను. కౌంటర్‌లో కుర్రాడు కాగితం ఇటూ అటూ తిప్పి, "రెండు ఊళ్లూ నార్వేలోనే కదా సార్, రెండు ఎంట్రీలు ఎందుకు?" అన్నాడు. చెప్పబోయాను. "నెట్‌లో చదివినవన్నీ నమ్మకండి సార్" అని క్యూ మొత్తానికీ వినపడేలా అందుకున్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఒళ్లు మండిపోయింది. ఆ దీవుల్లోనే 2008 నుంచి మన దేశానికి హిమాద్రి అనే పరిశోధన కేంద్రం ఉంది బాబూ, అన్నాను. అతను నా భుజం మీదుగా చూస్తూ "నెక్స్ట్" అన్నాడు.

సూపర్‌వైజరేమో, "మేం కాగితాలు పంపడం వరకే సార్, నిర్ణయం ఎంబసీది" అన్నాడు. నిజమే. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా, మధ్యలో నాకు పాఠాలెందుకు? తెలియనిది తెలియదనడానికి మనవాళ్లకి నోరు రాదు. ఇంకో ట్రావెల్ ఏజెంట్ అయితే "వెళ్లిపోండి సార్, అక్కడెవరూ చూడరు" అన్నాడు. ఆయన మాట వింటే తిరుగు ప్రయాణంలో ట్రోమ్సో పోలీసుల ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం. ఏజెంట్లని నమ్మకండి, అంతే.

మళ్లీ ఫీజు కట్టి మళ్లీ పెట్టాం. ఈసారి కవరింగ్ లెటర్ మొదటి వాక్యంలోనే "స్వాల్‌బార్డ్ షెంగెన్ బయట ఉంది" అని రాసి కింద గీత గీశాను. దాని వెనకే రానూపోనూ టికెట్లు జత చేశాను. మల్టిపుల్ ఎంట్రీ వచ్చింది!

ట్రోమ్సోలో పాస్‌పోర్టు తనిఖీ నిమిషం పని. లాంగ్‌ఇయర్‌బ్యెన్‌లో లగేజీ బెల్టు మధ్యన చర్మం లోపల ఏదో కూరి నిలబెట్టిన తెల్ల ఎలుగుబంటి ఉంటుంది. మా ఆవిడ దానికి ఫోటోలు తీస్తూ ఉండిపోతే మా సూట్‌కేసు కళ్లముందే ఇంకో చుట్టు తిరిగింది. హోటల్లో గుమ్మం దగ్గరే బూట్లు విప్పాలి, బొగ్గు గనుల రోజుల నాటి అలవాటట. చిరుగు మేజోళ్లు వేసుకెళ్లకండి.

తిరిగొచ్చేటప్పుడు ట్రోమ్సోలో దిగాక మళ్లీ పాస్‌పోర్టు క్యూ ఉంటుంది. ఓస్లో విమానానికి మధ్యలో తీరికగా టైమ్ పెట్టుకుని టికెట్ తీసుకోండి.