సూది తప్పా, సీసా తప్పా?

ఎంటెక్‌లో నా ప్రాజెక్టు స్కిన్ ఫ్రిక్షన్ కొలవడం అని చెబితే, అమ్మ ఏదో చర్మం డాక్టర్ల పని అనుకుంది. గాలి పలకను రాసుకుంటూ పోయేటప్పుడు దాన్నీ తనతో ఈడ్చుకుపోవాలని చూస్తుంది. ఆ ఈడ్పు ఎంతో తేల్చాలి. మా విండ్ టన్నెల్‌లో (ఫ్యాన్‌తో గాలి పారించే సొరంగంలో) సెకనుకు 15 మీటర్ల గాలికి మా పలక మీద అది చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీగ్రాముల బరువంత!

శ్రీహరికోట షార్‌కి ఎవరి పేరు పెట్టారో, ఆ సతీశ్ ధావన్ అమెరికాలోని కాల్‌టెక్‌లో పీహెచ్‌డీ చేసేటప్పుడు, పలకలో చిన్న ముక్కను విడిగా కదిలేలా అమర్చి దీన్ని నేరుగా కొలిచారు. ముక్క చుట్టూ వదిలే సందు కాస్త అటూ ఇటూ అయినా కొలత చెడుతుంది. మా వర్క్‌షాపులో అయ్యే పని కాదు. అందుకే ప్రెస్టన్ ట్యూబ్‌తో సరిపెట్టుకున్నాను.

ట్యూబ్ అంటే మందుల షాపులో కొన్న 18 గేజ్ ఇంజెక్షన్ సూదే. వాలు మొన కోసేసి, నున్నగా అరగదీసి, గాలికి ఎదురుగా పలకకు ఆనించి పెట్టాను. అది చూపే ప్రెషర్‌లోంచి స్టాటిక్ ప్రెషర్ (గాలి ఎదురుగా తగలడం వల్ల వచ్చేది కాక, మామూలుగా ఉండే ఒత్తిడి) తీసేస్తే మిగిలేది నాలుగు మిల్లీమీటర్ల నీటిమట్టం, ఆపై చిల్లర. 1965లో పటేల్ అనే పరిశోధకుడు ఇచ్చిన సూత్రాల్లో ఆ అంకె వేస్తే ఘర్షణ వస్తుంది.

సరిచూసుకోవడానికి ఆయిల్ ఫిల్మ్, అంటే పలచని నూనె పొర పద్ధతి, పెట్టాను. పలకలో బిగించిన గాజు మీద సిలికోన్ ఆయిల్ చుక్క, పైన ఫిజిక్స్ ల్యాబ్‌లో అడిగి తెచ్చిన సోడియం దీపం. గాలికి చుక్క పలచబడుతుంటే అంచున పసుపు, నలుపు చారలు మొలిచాయి. చారకీ చారకీ నూనె మందంలో తేడా 0.21 మైక్రాన్. పది నిమిషాలకి వాటి మధ్య ఎడం 0.7 మిల్లీమీటర్లు అయింది. ఆ ఎడం ఎంత త్వరగా పెరిగితే ఘర్షణ అంత ఎక్కువ. కొలవడం మర్చిపోయి చూస్తూ కూర్చున్న రోజులూ ఉన్నాయి.

తీరా చూస్తే ఆయిల్ లెక్క సూది లెక్క కన్నా 13 శాతం ఎక్కువ. వారం రోజులు సూదినే తిట్టుకున్నాను. మూడు సూదులు మార్చాను, మొన కింద కాగితం దూరుతుందేమో చూశాను. రివ్యూ దగ్గరపడి ఒకటే టెన్షన్.

ఒకరోజు ఆయిల్ సీసాకి మూత పెడుతూ లేబుల్ చదివాను. దాని మీద ఉన్న చిక్కదనం 25 డిగ్రీల దగ్గరిది. అప్పుడు మే నెల. మా టన్నెల్ గదిలో గాలినే పీల్చుకుంటుంది. పలక మీద థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) 32 డిగ్రీలు చూపిస్తోంది. ఈ ఆయిల్ చిక్కదనం డిగ్రీకి దాదాపు 2 శాతం తగ్గుతుంది! నూనె పలచనైతే అదే గాలికి చారలు త్వరగా ఎడమవుతాయి, లేబుల్ అంకె నమ్మి నేను దాన్ని ఘర్షణ ఖాతాలో వేశాను.

కెమికల్ డిపార్ట్‌మెంట్‌లో 32 డిగ్రీల దగ్గర కొలిపించుకొచ్చి మళ్లీ లెక్కేస్తే, తేడా 2 శాతానికి దిగింది. డ్రాయర్‌లో పడేసిన మొదటి సూదిని వెతికి బిగించాను.