ముక్కేటప్పుడు వెల్లకిలా పడుకోలేదు: రెండో కాన్పులో నా అనుభవం

ఈసారి వెల్లకిలా పడుకుని మాత్రం కనను అని ఏడో నెలలోనే ఇంట్లో చెప్పేశాను. మా ఆయన "డాక్టర్లకి తెలీదా ఏంటి" అన్నారు, అత్తయ్య "అందరూ అలాగే కదమ్మా కంటారు" అన్నారు. మా అమ్మ మాత్రం ఏమీ అనలేదు. మొదటి కాన్పప్పుడు తలుపు బయట నిలబడి నా అరుపులన్నీ విన్నది ఆవిడే.

మొదటిది పుట్టింటి వైపు ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో అయింది. ఇనప బల్ల మీద పడుకోబెట్టి, రెండు కాళ్ళూ పైకెత్తి కమ్మీలకి కట్టి, "ఊపిరి బిగబట్టి ముక్కు, పది లెక్కపెట్టేదాకా వదలకు" అని ఒకటే కేకలు. నాకు ముక్కాలని అనిపించనప్పుడు కూడా ముక్కమన్నారు. చివర్లో ఒకావిడ నా పొట్ట మీద రెండు చేతులూ పెట్టి కిందికి నొక్కింది. ఆ తర్వాత కోత, కుట్లు, కూర్చుని పిల్లాడికి పాలివ్వలేని రోజులు. బాబు బాగానే పుట్టాడు కదా, ఇంకేం కావాలి అన్నారు అందరూ. బాబు బాగుండటం వేరు, నాకు జరిగింది వేరు, రెండూ కలిపి మాట్లాడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండోసారికి మేం ఒడిశాలోని రాయగడలో ఉన్నాం. పెద్దాడి బడి ఉంది కాబట్టి నేను పుట్టింటికి వెళ్ళకుండా అమ్మే పార్వతీపురం నుంచి రైలెక్కి వచ్చేసింది, దిగగానే మజ్జిగౌరమ్మకి మొక్కుకుని మరీ ఇంటికి వచ్చింది. ఇక్కడ సగం ఊరు తెలుగే, అయినా ఆసుపత్రిలో అడుగుపెడితే ఒడియా కావాలి. నా ఒడియా కూరల బజారు వరకే పనికొస్తుంది. కాన్పు గదిలో ఏం కావాలో చెప్పేంత లేదు, అదే నా అసలు టెన్షన్.

మా పెదనాన్నగారి అమ్మాయి విజయనగరంలో స్టాఫ్ నర్సు. అక్కకి ఫోన్ చేసి నా బాధంతా వెళ్ళగక్కితే ఆవిడ ఓపిగ్గా విషయం చెప్పింది. నిండు గర్భంతో వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువంతా వెన్ను పక్కన ఉండే పెద్ద సిర మీద పడుతుందట, కింది నుంచి గుండెకి రక్తం తీసుకెళ్ళే సిర అది. అది నొక్కుకుంటే తల్లికి బీపీ పడిపోవచ్చు, కళ్ళు తిరగొచ్చు, బిడ్డకి అందే రక్తం కూడా తగ్గొచ్చు. రెండోది ముడ్డిపూస సంగతి. బిడ్డ తల దిగేటప్పుడు ఆ ఎముక కొంచెం వెనక్కి జరిగి దారి ఇవ్వాలి, మనం దాని మీదే బరువేసి పడుకుంటే అది ఎక్కడికని జరుగుతుంది? నిలబడినా, గొంతుక్కూర్చున్నా, మోకాళ్ళ మీద వంగినా, పక్కకి తిరిగి పడుకున్నా దానికి చోటుంటుంది. "మరి అందరినీ ఎందుకే అలా పడుకోబెడతారు?" అంటే అక్క నవ్వింది. "మాకు కనపడటానికే. బిడ్డని పట్టుకోవడానికీ, కుట్లు వెయ్యడానికీ మాకు అదే వీలు."

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో, నొప్పి తెలీకుండా వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తు తీసుకున్నా తీసుకోకపోయినా, తల్లికి నచ్చిన భంగిమలోనే కననివ్వాలని ఉందట, నిటారుగా ఉండేవి కూడా అందులో కలిపే. ఊపిరి బిగబట్టించి ముక్కించడం కాదు, ఆమెకి ముక్కాలని ఎలా అనిపిస్తే అలా ముక్కనివ్వమని. పొట్ట మీద నొక్కవద్దని కూడా ఉంది. ఇది వినగానే నాకు ఏడుపొచ్చేసింది. మన దేశంలోనూ ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పు గదుల కోసం 2017లో లక్ష్య అనే కార్యక్రమం మొదలైంది, అందులోనూ తోడు మనిషిని ఉండనివ్వడం, తల్లికి సుఖంగా ఉన్న భంగిమలో కననివ్వడం ఉన్నాయి. "కాగితం మీద ఉన్నవన్నీ ప్రతి చోటా జరగవు, ముందే వెళ్ళి అడుగు, నొప్పులు మొదలయ్యాక నీ మాట నీకే వినపడదు" అంది అక్క.

అడిగాను. తర్వాతి చెకప్‌కి అమ్మని వెంటబెట్టుకుని వెళ్ళి, మా పక్కింటి పాపతో ఒడియాలో రాయించిన చీటీ ఒకటి సిస్టర్ చేతిలో పెట్టాను. అందులో మూడే మాటలు: అమ్మ నా పక్కన ఉండాలి, బిడ్డకీ నాకూ ఇబ్బంది లేనంతవరకు నన్ను కదలనివ్వాలి, అవసరమైతే తప్ప కోత వద్దు. ఆవిడ చదివి, నన్ను ఎగాదిగా చూసి, తెలుగూ ఒడియా కలిపి, "గుండె చప్పుడు మాత్రం నేను చూస్తూనే ఉంటాను, నేను పడుకోమంటే పడుకోవాలి, ఒప్పుకుంటావా?" అంది. ఆ మాటకి నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది, సరే సరే అని తలూపేవాళ్ళైతే నేను నమ్మేదాన్ని కాదు.

ఆ రోజు చెకప్ వరసలో నా పక్కన కూర్చున్న కొంధ్ తెగ ఆవిడ కొండ మీద పల్లె నుంచి వచ్చి మా గృహలో ఉంటోంది. మా గృహ అంటే దూరపు ఊళ్ళ గర్భిణులు కాన్పు తేదీకి ముందే వచ్చి ఉండటానికి ఒడిశా ప్రభుత్వం పెట్టిన వసతి, దారి సరిగా లేని పల్లెల నుంచి నొప్పులతో దిగిరాలేరు కదా. ఆవిడతో వచ్చిన ఆశా దీదీ మాటలు అటూ ఇటూ చేరవేస్తుంటే నా చీటీ సంగతి చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వింది. వాళ్ళమ్మ ఆవిణ్ణి దూలానికి కట్టిన తాడు పట్టుకుని మోకాళ్ళ మీద కన్నదట, పడుకుని కనడానికి కాగితం రాయాలి గానీ కూర్చుని కనడానికి కాగితమేంటి అన్నట్టు మాట్లాడింది. నిజమే మరి.

నేనైతే గొంతుక్కూర్చుని కనాలని గట్టిగా అనుకున్నాను. ఆ భంగిమలో కింది దారి బాగా తెరుచుకుంటుందని అక్క చెప్పింది, బరువు కూడా కిందికే పని చేస్తుంది. కానీ ఈ అద్దె ఇంట్లో కమోడ్ వచ్చాక నా మోకాళ్ళు ఆ కూర్చోవడమే మర్చిపోయాయి. చిన్నప్పుడు పెరట్లో గిన్నెలు తోముతూ ఎంతసేపైనా కూర్చున్న మనిషిని, ఇప్పుడు కిటికీ ఊచ పట్టుకుని కాసేపు కూర్చునేసరికి పిక్కలు పట్టేసేవి. రోజూ సాయంత్రం అమ్మ వెనక నుంచి పట్టుకుంటే కొంచెం కొంచెం చేశాను, పెద్దాడు కూడా పక్కన కూర్చుని కప్ప గెంతులేసేవాడు.

నొప్పులు అర్ధరాత్రి దాటాక మొదలయ్యాయి. ఆసుపత్రికి వెళ్ళేసరికి బాగా దగ్గరదగ్గరగా వస్తున్నాయి. వరండాలో నడిచాను, గోడకి చేతులు ఆనించి నడుం ఊపాను, అమ్మ ఇచ్చిన కొబ్బరి నీళ్ళు తాగాను. మామూలు కాన్పే అవుతుందనుకున్నప్పుడు నొప్పుల్లో తాగడం తప్పేమీ కాదు, మొదటిసారి నాకు నాలుక పిడచకట్టుకుపోయినా చుక్క నీళ్ళివ్వలేదు. మా ఆయన్ని లోపలికి రానివ్వలేదు, పక్క మంచాల మీద వేరే ఆడవాళ్ళున్నారు కాబట్టి అది సబబే.

ఈసారి నొప్పంతా నడుంలోనే, పొట్టలో తక్కువ. బిడ్డ తల వెనక భాగం నా వెన్ను వైపుకి ఉందేమో, అందుకే ఇలా ఉంటుంది అంది సిస్టర్. కాసేపటికి లోపల చూసి "ఫుల్ అయిపోయింది" అంది, అంటే పది సెంటీమీటర్లూ తెరుచుకుందన్నమాట. అయినా నాకు వెంటనే ముక్కాలని అనిపించలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. "బాత్రూమ్‌కి వెళ్ళి ఒంటేలు పోసిరా, నిండుగా ఉంటే తల దిగడానికి అడ్డం" అని పంపింది. అక్కడ ఉండగానే వచ్చింది ఆ ముక్కు, నేను ముక్కడం కాదు, ఒళ్ళే నన్ను ముక్కిస్తోంది. ఎలాగో తిరిగొచ్చి మంచం కమ్మీ పట్టుకుని, అనుకున్నట్టే గొంతుక్కూర్చున్నాను. వెనక నుంచి అమ్మ చంకల కింద చేతులేసి పట్టుకుంది.

బాగా పనిచేసింది. ప్రతి నొప్పికీ తల దిగడం నాకే తెలిసింది. బిగబట్టి పది లెక్కపెట్టడం లేదు, ఒక్కో నొప్పిలో చిన్నచిన్నగా మూడు నాలుగు ముక్కులు, మధ్యలో ఊపిరి. కానీ రానురాను తొడలు వణికిపోయి కాళ్ళు తిమ్మిరెక్కాయి, నొప్పికీ నొప్పికీ మధ్య లేచి నిలబడదామంటే లేవలేను. అమ్మ కూడా నా బరువు మొయ్యలేక ఆయాసపడుతోంది. పైగా నడుం చీలిపోతున్నట్టుంది.

అప్పుడు సిస్టర్ కింద పరుపు వేయించి మోకాళ్ళూ చేతుల మీద ఉండమంది. పిల్లలు ఏనుగాట ఆడేటప్పుడు వంగినట్టు. ఎవరైనా చూస్తే ఎలా అన్న సిగ్గు ఒక్క క్షణమే, ఆ తర్వాత వచ్చిన నొప్పిలో నడుం మీద ఆ బరువు సగం దిగిపోయింది. పొట్ట కిందికి వేలాడుతుంది కదా, వెన్ను మీద ఒత్తిడి ఉండదు. అమ్మ అరచేత్తో నడుం కింద గట్టిగా నొక్కి పట్టుకుంది. సిస్టర్ కింద నుంచి డాప్లర్ పెట్టి అయిదు నిమిషాలకోసారి గుండె చప్పుడు చూస్తూనే ఉంది, పాపం మోకాళ్ళ మీద కూర్చుని, నడుం వంచి. పక్కన ఇంకో ఇద్దరు నొప్పులతో ఉన్నారు, అందరినీ చూసుకోవడానికి ఆ వార్డులో ఉన్నదేమో సిస్టరూ ఇంకో అమ్మాయీ. వెల్లకిలా పడుకోబెట్టే సిస్టర్లందరూ కఠినులని నేను అనను. ఒక్క మనిషి అంతమందిని చూసుకోవాలంటే అందరూ ఒకే తీరులో పడుకుని ఉండటమే వాళ్ళకి దారి.

తల బయటికి తొంగి చూస్తోంది అన్నాక నాకు చేతులు కూడా పట్టు తప్పాయి. రాత్రంతా నిద్ర లేదు. ఇంక నా వల్ల కాదు అన్నాను. "పక్కకి పడుకో" అంది సిస్టర్. మంచం మీదకి ఎక్కించి ఎడమ పక్కకి తిప్పారు, పై కాలు అమ్మ భుజానికి ఆనించుకుని పట్టుకుంది. ముక్కడానికి అదొక పద్ధతని కూడా నేను ముందు లెక్కలోకి తీసుకోలేదు, అది అలిసిపోయినవాళ్ళు పడుకునేదనుకున్నాను. కానీ నాకు అన్నిటికంటే సుఖంగా ఉన్నది అదే. ముడ్డిపూస మీద బరువు లేదు, సిర మీద బరువు లేదు, నొప్పికీ నొప్పికీ మధ్య నిజంగా కళ్ళు మూతలు పడ్డాయి. తల కూడా ఒక్కసారిగా తోసుకురాకుండా నెమ్మదిగా వస్తుంది, చర్మం సాగడానికి టైమ్ దొరుకుతుంది. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ కింద పెట్టి పట్టుకుంది సిస్టర్, దానికి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మంట మొదలైనప్పుడు భయపడిపోయి బిగుసుకుపోయాను. "ఇప్పుడు ముక్కకు, కుక్క రొప్పినట్టు రొప్పు" అని చెప్పి, "ఆఉ టికే, ఆఉ టికే" అంటూనే ఉంది. ఇంకొంచెమే, ఇంకొంచెమే అని. అమ్మకి ఒడియా ముక్క రాదు, అయినా ఆవిడ కూడా "ఆఉ టికే తల్లీ" అని మొదలెట్టింది! నొప్పిలో కూడా నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే తల వచ్చేసింది.

పాప. గుండెల మీద పెట్టేశారు, బొడ్డుతాడు వెంటనే కొయ్యకుండా కాసేపు ఆగారు. తొడకి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇచ్చారు, రక్తస్రావం ఎక్కువ కాకుండా. మాయ పడేటప్పుడు నేను లేచి కూర్చుంటానంటే ఈసారి సిస్టర్ ఒప్పుకోలేదు, కొంచెం వాలి పడుకోమంది. నిటారుగా ఉండి కన్నప్పుడు కోతలు తగ్గినా రక్తం కొంచెం ఎక్కువ పోయే అవకాశం ఉందని అక్క కూడా తర్వాత చెప్పింది, అంటే అన్నిట్లోనూ లాభమే అని చెప్పడానికి లేదు. నాకు కోత పడలేదు, చిన్నగా చీరుకుంటే రెండు కుట్లు వేశారు. మర్నాడు మంచం మీద మఠం వేసుకుని పాలిచ్చాను.

ఇప్పుడు మా ఆడపడుచుకి ఎనిమిదో నెల. ఏ పొజిషన్ మంచిది వదినా అని రోజూ ఫోన్. నాకు మూడు మారాయమ్మా, నీకు ఏది కుదురుతుందో ఆ పూట గానీ తెలియదు అన్నాను. బిడ్డ గుండె చప్పుడు తగ్గినా, తలకి వాక్యూమ్ పెట్టి బిడ్డని లాగాల్సి వచ్చినా, రక్తం ఎక్కువ పోతున్నా వాళ్ళు ఎలా పడుకోమంటే అలా పడుకో, అక్కడ వాదన వద్దు. ఎపిడ్యూరల్ తీసుకుంటే కాళ్ళలో పట్టు ఉండకపోవచ్చు, అప్పుడు గొంతుక్కూర్చోవడం కంటే పక్కకి పడుకోవడమే వీలు. తను వెళ్ళేది బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి. ఈ శనివారం చెకప్‌కి వెళ్ళినప్పుడు అడగమని చెప్పాను: తోడుగా ఒక మనిషిని లోపలికి రానిస్తారా, మంచం దిగనిస్తారా, కింద వేసుకోవడానికి పరుపు ఉందా, అందరికీ కోత పెడతారా లేక అవసరమైతేనా. లేదు కాదు అంటే ఊళ్ళో ఇంకో డాక్టర్ని చూసుకోవడానికి ఇంకా టైమ్ ఉంది.