మట్టి తల నుంచి ప్లాస్టర్ తల దాకా: నా అనుభవం

బస్టు, అంటే తల నుంచి భుజాల దాకా ఉండే బొమ్మ, ఆర్డరు ఇచ్చేవాళ్లు తెచ్చేది చాలాసార్లు ఒకే ఫోటో, అదీ ఫోన్లో దగ్గర్నుంచి తీసింది. అందులో ముక్కు పెరుగుతుంది, చెవులు వెనక్కి పోతాయి. దాన్నే నమ్మి చేస్తే ఇంట్లోవాళ్లు "ఏదో తేడాగా ఉందండీ" అంటారు, ఆ తేడా ఏమిటో చెప్పలేరు. అందుకే పక్కనుంచి తీసిన ఫోటో లేనిదే మట్టి ముట్టుకోను. మనిషే ఎదురుగా కూర్చుంటే చెవి రంధ్రం నుంచి గడ్డానికి, ముక్కు కిందికి, కనుబొమల మధ్యకి, రెండు కాళ్ల కొలత పరికరమైన కాలిపర్‌తో కొలుస్తాను, ఆపైన చెవికీ చెవికీ మధ్య వెడల్పు. ఈ నాలుగు కొలతలూ కుదిరితే పోలిక సగం వచ్చినట్టే. ముడతలు, మీసాలు చివరి రోజు పని.

ముందు మట్టిని మోసే లోపలి చట్రం: 18 మి.మీ. ప్లైవుడ్ పలక మీద నిలువు పైపు, దాని కొసకి పుర్రె ఆకారంలో అల్యూమినియం తీగ వలయాలు. వాటి లోపల ఇంటూ గుర్తులా కట్టిన చెక్కముక్కలు రెండు మూడు వేలాడాలి. భుజాలతో కలిపి పాతిక కిలోల దాకా పట్టే తడిమట్టిని జారకుండా ఆపేవి ఇవే.

మట్టిని ఎదురువైపు నుంచే చూస్తూ కడితే మొహం పళ్లెంలా చదునుగా వస్తుంది. స్టాండు కొంచెం కొంచెం తిప్పుతూ ప్రతిసారీ అంచు గీత సరిచూడాలి. ఫ్రెంచి శిల్పి రోడాన్ పద్ధతీ ఇదే. 1877లో ఆయన శిల్పం 'కంచు యుగం' చూసి, మనిషి ఒంటి మీదే అచ్చు తీశాడని నింద వేశారు. అలాంటి అచ్చు ఒక్కటి చూసినా ఆ మాట అనరు: ప్లాస్టర్ బరువుకి కండ కుంగి ఉంటుంది. మెరీనా బీచిలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి 'శ్రమ విజయం' శిల్పం (1959) దగ్గర, బండని కదిలించే ఆ నలుగురి మొహాలు చేత్తో అడ్డుపెట్టి చూడండి. బరువు ఎక్కడ పడుతోందో కాళ్లూ వెన్నూ చెప్పేస్తాయి. బస్టులో ఆ పని మెడది. మెడ బిగిస్తే పాస్‌పోర్టు ఫోటోనే.

కంటిపాపకి రంగుండదు కాబట్టి గుంట తవ్వాలి, అందులో పడే నీడే నలుపు.

ఇక అచ్చు. చెవుల వెనక వరసగా పలచని ఇత్తడి రేకులు గుచ్చి తలని రెండు భాగాలు చేస్తాను. నీళ్లలో ప్లాస్టర్ చల్లాలి, ప్లాస్టర్లో నీళ్లు పొయ్యకూడదు. లీటరుకి దాదాపు 1.4 కిలోలు. బిగుసుకోవడం మొదలయ్యాక నీళ్లు కలిపితే సుద్దలా రాలిపోతుంది. మొదటి పూత అర సెంటీమీటరు, బట్టల నీలం కలిపి. బుడగలు నిలవకుండా వేళ్లతో చిమ్మాలి. దాని మీద అక్కడక్కడ మట్టినీళ్లు రాసి, రెండు సెంటీమీటర్ల తెల్లపూత.

అచ్చు విప్పి మట్టి తోడేస్తే అసలు తల పోయినట్టే, వెనక్కి వెళ్లే దారి లేదు. లోపల కడిగి, సబ్బునీళ్లు మూడుసార్లు పట్టించి, నూనె పలచగా తుడిచి, రెండు భాగాలూ కట్టి కొత్త ప్లాస్టర్ పోస్తాను. సబ్బు అందని చోట అచ్చూ బొమ్మా ఒకటైపోతాయి. మర్నాడు మొద్దు ఉలితో పైనుంచి పగలగొట్టడం. నీలం కనపడగానే సుత్తి నెమ్మదించాలి. అయినా చెవి అంచో ముక్కు కొసో విరుగుతుంది. కింద గుడ్డ పరిచి ఉంచితే ముక్క దొరుకుతుంది, రెండువైపులా తడిపి పలచని ప్లాస్టర్‌తో అతికించవచ్చు.