కార్క్‌లో బోటి, గాల్వే దగ్గర ఆల్చిప్పలు

దసరా అయిన వారానికి ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో బోటి తిన్నాను. కరీంనగర్‌లో మా ఇంట్లో పండక్కి యాట కోస్తే తలకాయ, బోటి, నల్ల (వేపుకునే నెత్తురు) ఆ పూటే పొయ్యెక్కుతాయి. ఐర్లండ్‌లోనూ అవి తింటారని డబ్లిన్‌లో నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడికే తెలియదు. "అక్కా, ఇక్కడి తిండి చప్పగా ఉంటది, పచ్చళ్లు తెచ్చుకో" అని ఫోన్‌లో రెండుసార్లు చెప్పాడు.

డబ్లిన్ నుంచి కార్క్‌కు రైల్లో రెండున్నర గంటలు, తమ్ముడూ వెంట వచ్చాడు. ఊరి నడిమధ్య 1788 నాటి ఇంగ్లిష్ మార్కెట్ ఉంది. ఒకే కప్పు కింద చేపల బల్లలు, మాంసం కొట్లు, చీజ్ దుకాణాలు. మేడ మీద, కింది ఫౌంటెన్ కనబడేలా చుట్టూ వసారా, ఆ వసారాలో ఫామ్‌గేట్ కెఫే. కింద అమ్మే సరుకుతోనే పైన వండుతారు. మెనూలో 'ట్రైప్ అండ్ డ్రిషీన్' కనబడగానే ఇంకేమీ చూడలేదు. ట్రైప్ అంటే బోటి. డ్రిషీన్ అంటే నెత్తురును పేగులో నింపి ఉడికించింది, మన నల్లకు దగ్గరి చుట్టం. అయితే ఇది గొడ్డు బోటి, తిననివాళ్లు ముందే తెలుసుకోవాలి.

పళ్లెం నిండా తెలుపే. ఉల్లిగడ్డలతో పాలల్లో మెత్తగా ఉడికిన బోటి, పక్కన బూడిద రంగు డ్రిషీన్ ముక్కలు. కారం లేదు, అల్లంవెల్లుల్లి లేదు. మొదటి ముద్దకు నాలుక కారం కోసం వెతుక్కుంది. రెండో ముద్దకు బోటి అసలు వాసన తెలిసింది. ఆ వాసన పోవాలనే మా అమ్మ దాన్ని వేడినీళ్లలో పదిసార్లు కడుగుతుంది. ఇక్కడ పాలు దాన్ని పోగొట్టకుండా మెత్తబరిచాయి. నాకు బాగా నచ్చింది. డ్రిషీన్ మాత్రం జున్నులా జారిపోతుంది. వేపిన నల్ల పొడిపొడిగా పంటికి తగులుతుంది కదా, అది లేక నాకు వెలితిగా అనిపించింది.

ఈ వంట ఇక్కడ పుట్టడానికి కారణం కార్క్ రేవు. 18వ శతాబ్దంలో ఉప్పేసిన గొడ్డు మాంసం, వెన్న ఇక్కడి నుంచి పీపాలకు పీపాలు బ్రిటిష్ నౌకాదళానికి, వెస్టిండీస్‌కు వెళ్లేవి. మంచి మాంసం ఓడెక్కితే పొట్ట, పేగులు, నెత్తురు ఊళ్లోని పేదలకు మిగిలేవి. మా నాయనమ్మ అనేది, "తొడ కూర దొర గడీకి పోయేది బిడ్డా, మనకు బోటి వచ్చేది" అని. ఆ మాట గుర్తొచ్చి కాసేపు చెంచా కదల్లేదు. తమ్ముడు కూడా ఏమీ మాట్లాడలేదు.

ఆ రాత్రి కార్క్‌లోనే లాంకస్టర్ క్వే అనే వీధిలోని ప్యారడీసోకు వెళ్లాం. 1993 నుంచి నడుస్తున్న శాకాహార రెస్టారెంట్. ఐర్లండ్ వచ్చి బ్రెడ్డూ బంగాళాదుంపలతో సరిపెట్టుకునే మన శాకాహారులకు ముందుగా ఈ పేరే చెబుతాను.

రొట్టె సంగతి చెప్పాలి. సోడా బ్రెడ్‌లో ఈస్ట్ ఉండదు. గోధుమ పిండి, మజ్జిగ, తినే సోడా, ఉప్పు, అంతే. మజ్జిగలోని పులుపు సోడాతో కలిసి రొట్టెను పొంగిస్తుంది. ఎక్కడ కూర్చున్నా ముందు ఇదీ, పసుపు తిరిగిన వెన్నా వస్తాయి. పచ్చిగడ్డి మేసిన ఆవుల వెన్న అది, దాని రంగు చూస్తేనే తెలుస్తుంది.

మర్నాడు కారు అద్దెకు తీసుకుని పడమటి తీరంలోని గాల్వే వైపు వెళ్లాం. కిల్‌కోల్గన్ అనే ఊళ్లో నది సముద్రంలో కలిసే చోట, గడ్డి కప్పిన ఇంట్లో మోరన్స్ ఆయిస్టర్ కాటేజ్ ఉంది. ఏడు తరాలుగా ఒకే కుటుంబం నడుపుతోంది. అక్కడి నాటు ఆల్చిప్పలను సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకానే తినాలి. ఎండాకాలం అవి గుడ్లు పెట్టే కాలం. అక్టోబర్‌లో వెళ్లడం మా అదృష్టం. గుండ్రంగా, చదునుగా, అరచేతిలో పట్టేంత ఉంటాయి. పచ్చివే, బతికున్నవే తినాలి. నిమ్మచుక్క పిండి నోట్లో వేసుకుంటే ముందు ఉప్పు తగిలింది. నమిలాక రాత్రంతా రాగి చెంబులో ఉంచిన నీళ్ల రుచి వచ్చింది. అది చాలాసేపు పోలేదు, పోవద్దనే అనిపించింది.

పచ్చివి ముట్టనని కార్లోనే ఒట్టేసుకున్న తమ్ముడు నా పళ్లెంలోంచి ఒకటి తీసుకున్నాడు. కళ్లు మూసుకుని మింగాడు. కాసేపు కిటికీలోంచి ఎక్కుతున్న పోటును చూస్తూ కూర్చుని, లేచి వెళ్లి ఇంకో ఆరు చెప్పి వచ్చాడు.