రాకెట్టంటే మాదే అనుకున్నా

మాది సూళ్లూరుపేట పక్కన పల్లెటూరు. ఇస్రో రాకెట్లు వదిలే కేంద్రం మా దగ్గరే. శ్రీహరికోట అనే మాట మాకు పేపర్లో చదువుకోవడానికే, నోటికొచ్చేది మాత్రం 'షార్'. రాకెట్ పోయే రోజు మిద్దెక్కి తూర్పు తిరిగి నిలబడతాం. ముందు వెలుగు లేస్తుంది. అది మబ్బుల్లో దూరి, పిల్లలు అయిపోయిందనుకుని మెట్లు దిగబోతుండగా అప్పుడొస్తుంది శబ్దం, నిమిషం ఆలస్యంగా. కిటికీ రెక్కలు దడదడలాడతాయి. పుట్టినప్పటి నుంచీ ఇదే చూసినవాణ్ణి కాబట్టి ఇస్రో పులికాట్ అవతల, మా కళ్లముందే పుట్టిందని గట్టిగా నమ్మాను. నమ్మకమేంటి, బయట ఊళ్లలో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

కిందటి డిసెంబర్‌లో తిరువనంతపురంలో పెళ్లికి వెళ్లాం, నేనూ మా బావా. ముహూర్తం పొద్దున్నే అయిపోయింది, రైలు రాత్రికి. చేతిలో ఒక మధ్యాహ్నం మిగిలింది. బావ కోవళం బీచికి పోదామన్నాడు. నేను తుంబ అన్నాను, మన దేశం నుంచి మొదటి రాకెట్ లేచిన ఊరు. "సముద్రం అక్కడా ఉంటుంది బావా" అని ఒప్పించి ఆటో ఎక్కించా.

ఆటో అతను మలయాళంలో ఏదో చెబుతూ మాటిమాటికీ "పళ్ళి, పళ్ళి" అంటున్నాడు. "రాకెట్లు చూపిస్తానని ఏ పల్లెకి తీసకపోతన్నావురా" అన్నాడు బావ నా వైపు తిరిగి. మలయాళంలో పళ్ళి అంటే చర్చి అని దిగాక గానీ వెలగలేదు. తుంబ అన్నది కూడా మనకు తెలిసిన మాటే, మన తుమ్మి మొక్క. మనం వినాయక చవితికి కూర వండుకునే ఆ తెల్లపూల మొక్కనే వాళ్లు ఓణం ముగ్గులో పెట్టుకుంటారు.

గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి లోపలికి నడిస్తే ఎదురుగా సెయింట్ మేరీ మాగ్దలీన్ చర్చి. ఇప్పుడది స్పేస్ మ్యూజియం. షార్‌లో అంతస్తుల కొద్దీ లేచిన కట్టడాలను దూరం నుంచే చూసి పెరిగిన నాకు ఇది మరీ చిన్నగా కనిపించింది. మా ఊరి పెళ్లి మండపం ఇంతకంటే పెద్దది. భారతదేశం నుంచి అంతరిక్షానికి పోయిన మొదటి రాకెట్‌ని బిగించింది ఈ కప్పు కిందే.

ఈ ఊరే ఎందుకంటే, భూమి అయస్కాంత మధ్యరేఖ, అంటే దిక్సూచి ముల్లు పైకీ కిందికీ వంగకుండా అడ్డంగా నిలిచే రేఖ, అప్పట్లో తుంబకి బాగా దగ్గరగా పోయేది. ఆ రేఖ వెంబడి సుమారు 110 కిలోమీటర్ల ఎత్తున పగటిపూట ఒక విద్యుత్ ప్రవాహం పారుతుంటుంది. బెలూన్లు అంత ఎత్తుకు పోలేవు, ఉపగ్రహాలు అంత కిందికి దిగి తిరగలేవు. ఆ పొరలోకి ఏదైనా పంపి కొలవాలంటే చిన్న రాకెట్ ఒక్కటే దారి. 1962లో విక్రమ్ సారాభాయ్ నాయకత్వంలో అంతరిక్ష పరిశోధనలకు జాతీయ కమిటీ ఏర్పడింది. ఆ కమిటీ చోటు కోసం వెతికితే ఆ రేఖ దగ్గర, సముద్రం ఒడ్డున దొరికింది ఈ జాలరిపల్లె. తీరా చూస్తే అందులో చర్చి ఉంది, బిషప్ ఇల్లుంది, చేపలు పట్టుకుని బతికే కుటుంబాలున్నాయి. సారాభాయ్ వెళ్లి బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరాను అడిగారు. ఆయన ఆదివారం ప్రార్థనలో జనం ముందే ఆ మాట పెట్టారు. జనం సరేనన్నారు. చర్చిలో పని మొదలైంది, బిషప్ ఇల్లు ఆఫీసయింది. వాళ్లకి వేరేచోట కొత్త చర్చి కట్టించారు.

1963 నవంబర్ 21 సాయంత్రం. రాకెట్ అమెరికాది, నైకీ-అపాచీ. లోపల పెట్టిన పరికరం ఫ్రాన్స్‌ది. మనదంటూ ఉన్నది ఇసుకా, మనుషులూ. చర్చి నుంచి లారీలో తెచ్చిన రాకెట్‌ని క్రేన్‌తో లేపి లాంచర్ మీద పెట్టబోతే అది పక్కకి ఒరగడం మొదలెట్టిందట. క్రేన్ హైడ్రాలిక్ గొట్టంలో లీకు. పొద్దు కుంకే వేళకే వదలాలి, ఇక ఆగే టైం లేదు. అందరూ కలిసి చేతులేసి ఎత్తి పెట్టారు. ఆ చేతులేసిన వాళ్లలో అబ్దుల్ కలాం ఒకరు. రాకెట్ పైకెళ్లి సోడియం ఆవిరి వదిలింది. కింద చీకటి పడుతున్నా అంత ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది, ఆ ఎండకి ఆవిరి మేఘం పసుపెరుపుగా మెరుస్తుంది. అది ఎటు కొట్టుకుపోతుందో ఫొటోలు తీసి పైన గాలుల వేగం లెక్కగడతారు. పొద్దు కుంకే వేళ పట్టింపు అందుకే.

అప్పటికి ఇస్రో అనే పేరే లేదు. ఆ పేరు 1969 ఆగస్టు 15న, అణుశక్తి విభాగం కింద పుట్టింది. అంతరిక్ష విభాగం విడిగా ఏర్పడింది 1972లో.

లోపల ఫొటోల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. సైకిల్ క్యారియర్ మీద రాకెట్ ముక్కు పెట్టుకుని నెట్టుకుపోయే ఫొటో మనందరికీ తెలిసిందే. దాన్ని చూసి గర్వంతో కళ్లు చెమర్చాలన్నట్టు పోస్టులు పెడుతుంటారు. నాకైతే అందులో ఆ రోజు పని తొందర తప్ప ఇంకేం కనిపించలేదు. మోయాల్సింది చిన్నది, దూరం కొద్దిగా, సైకిల్ సరిపోయింది. మనం సొంతంగా చేసిన మొదటి రాకెట్ కూడా అలాంటిదే. 1967 నవంబర్‌లో ఎగిరిన ఆర్‌హెచ్-75. పేరులో ఆ 75 అడ్డుకొలత, మిల్లీమీటర్లలో. బావ బొటనవేలూ చూపుడువేలూ చాపి కొలత చూపించి, "మన బోరు పైపంత కూడా లేదు కదరా" అన్నాడు.

మరి ఇంత చోటుండగా మా షార్ ఎందుకొచ్చింది? ఆ సంగతి బయట ఒడ్డున నిలబడితే తేలిగ్గా తెలిసిపోతుంది. తుంబలో సముద్రం పడమర. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టాలంటే భూమి తిరిగే తూర్పు దిక్కుకి వదిలితే ఆ వేగం ఉచితంగా కలిసొస్తుంది. ఇక్కడి నుంచి తూర్పుకి వదిలితే కింద కేరళ, తమిళనాడు. ఒక్కో దశ మండిపోయి రాలిపోతుంటే ఎవరి ఇంటి మీద పడుతుందో! అందుకే తూర్పు తీరంలో చోటు వెతికి 1969లో శ్రీహరికోటను ఎంచారు. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ లేచింది. మూడు నెలలైనా నిండకుండా, డిసెంబర్ 30న సారాభాయ్ పోయారు. తుంబ పని మీదొచ్చి, రాత్రి నిద్రలోనే, కోవళంలో. వయసు 52. ఆ మాట చెప్పాక బావ కోవళం ఊసెత్తలేదు.

చీకటి పడుతుండగా నాన్నకి ఫోన్ చేశా. 1979 ఆగస్టులో ఉపగ్రహాన్ని మోసుకుపోయే మన మొదటి రాకెట్ ఎస్సెల్వీ-3 మొదటిసారి ఎగిరినప్పుడు నాన్న పొలంలో ఉన్నాడు. పొగ చూసి చప్పట్లు కొట్టి, మర్నాడు పేపర్లో చదివితే ఐదు నిమిషాలకే సముద్రంలో పడిందని ఉందట. మరుసటి జూలైలో అదే రకం రాకెట్ మీద రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు పేపరొచ్చేదాకా ఎవరూ చప్పట్లు కొట్టలేదని ఇప్పటికీ చెబుతాడు.

"మన షార్ అంత ఉందా?" అన్నాడు.

"చర్చంత ఉంది నాన్నా. చర్చే."

"మరి ఆ చర్చికొచ్చేవాళ్లు?"

"వేరేచోట కొత్తది కట్టించారంట."

కాసేపు ఏం మాట్లాడలేదు. షార్ రాకముందు ఆ దీవిలో యానాదులుండేవాళ్లు, తేనె, వేర్లు, చేపలు తెచ్చి సూళ్లూరుపేటలో అమ్మేవాళ్లు. దీవి ఖాళీ చేయించాక కొన్ని కుటుంబాలు మా ఊరి చివర గుడిసెలేసుకున్నాయి. నాన్నతో కలిసి బడికెళ్లిన వాడొకడు అందులో ఉండేవాడు.

"వాళ్ల ఫొటోలేమన్నా పెట్టారా అక్కడ?" అని అడిగాడు.

బిషప్ సంగతి రాసిన గోడ గుర్తొచ్చింది. చర్చి మనుషుల కథ ఇక్కడ గోడెక్కింది. మా దీవి యానాదుల కథ నాన్న నోట తప్ప ఇంకెక్కడా నేను విన్లేదు. "ఇది తుంబ కదా నాన్నా" అన్నాను.

"ఊఁ. రైలెన్నింటికి?"

ఆటో అతను హారన్ కొడుతున్నాడు.