మా చిట్టి ఒంటరిగా గడప దాటిందోచ్!

ఇవాళ పొద్దున తలుపు తీయగానే మా కుక్కపిల్ల చిట్టి తనంతట తాను పెరట్లోకి పోయి, పని కానిచ్చుకుని, గడ్డంతా వాసన చూసుకుంటూ తీరిగ్గా వచ్చింది. నేను లోపలే ఉన్నాను. ఈ ఆనందం ఆరకముందే రాసేస్తున్నా.

ఒంటికి, రెంటికి బయటే వెళ్ళాలని నేర్పడం కష్టం కాలేదు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆటయ్యాక తీసుకెళ్ళడం, అయిన క్షణంలోనే మెచ్చుకుని ఓ ముక్క పెట్టడం. అంతే. టీకాలూ అయిపోయాయి, కంచెలో సందులూ మూశాం. కానీ పక్కన నేనుంటేనే పోసేది. నేనొక అడుగు వెనక్కి వేస్తే అదీ వేసేది. స్నానానికి వెళ్తే తలుపు కింద సందులో దాని ముక్కు కనబడేది.

"బయటపెట్టి తలుపెయ్, ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుంది" అన్నారు చుట్టాలు. ఊరుకోవడం వేరు, భయం పోవడం వేరు. అలా చేస్తే పెరడంటేనే హడలిపోయే పిల్లలున్నాయి. ఇక డబ్బిచ్చి పిలిపించిన ట్రైనర్ గారైతే, "మీరు ఆల్ఫా, అంటే మందకు పెత్తందారు, కాలేదండీ, అందుకే నెత్తికెక్కింది" అంటూ దాన్ని వెల్లకిలా పడేసి అదిమిపట్టబోయాడు. అప్పుడే పంపించేశాను. ఈ ఆల్ఫా గోలకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బోనులో పెట్టిన తోడేళ్ళను చూసి రాసింది. దాన్ని జనంలోకి తీసుకెళ్ళిన తోడేళ్ళ నిపుణుడు డేవిడ్ మీచ్ తానే 1999లో, అడవిలో తోడేళ్ళ మందంటే అమ్మానాన్నా వాళ్ళ పిల్లలేనని, వాటికి ఆ పేరు నప్పదని రాశాడు. పాతికేళ్ళు దాటిపోయింది. డబ్బు తీసుకునేవాళ్ళు ఆ మాత్రం చదవరా?

సరే, నా పద్ధతిలో మొదలుపెట్టాను. ముందు దాని పక్కనే, తర్వాత అడుగు దూరంలో, తర్వాత మెట్టు మీద, ఆఖరికి గడప లోపల. కంగారుపడితే ఒక దశ వెనక్కి. మెట్టు దాకా బాగానే సాగింది. గడప దగ్గర మొదలైంది అసలు నాటకం.

గడప లోపల నిలబడినవాడిని పోసిన క్షణాన ముక్క ఎలా పెట్టను? తిరిగొచ్చాక పెట్టేవాణ్ణి. చిట్టి లెక్క వేరే. ముక్క పోసినందుకు కాదు, తిరిగొచ్చినందుకు అనుకుంది! ఇంకేముంది, గడ్డి దాకా పరుగు, అర క్షణం నడుం వంచడం, చుక్క పడకుండానే మళ్ళీ నా కాళ్ళ దగ్గరికి పరుగు. ముక్క తిని, హాల్లో మూలకెళ్ళి కడుపునిండా పోసేది. చుట్టాలు ఇంట్లో ఉన్న రోజే, వాళ్ళ బ్యాగు పక్కనే పోసింది. "మేం చెప్పలేదూ!" అన్న వాళ్ళ మొహాలు ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి.

దీనికి విరుగుడు, ముక్క గడప దగ్గర పుట్టకూడదు. నిజంగా పోస్తే నేనే గబగబా వెళ్ళి, అది ఉన్నచోటే పెట్టేవాణ్ణి. ఇంకొన్ని గడ్డిలో చల్లి "వెతుక్కో" అనేవాణ్ణి, అది వెతుక్కునే లోపు నేను వెనక్కి వచ్చేసేవాణ్ణి. దాంతో నేను దూరం జరగడమంటే దానికి పండగే అయింది. ఉత్తినే వంగి వస్తే ముక్క లేదు, తిట్టూ లేదు. లోపల బెల్టు నా చేతికే, కాసేపాగి మళ్ళీ బయటికి. హాల్లో మూలను మూత్రం వాసనను విరగ్గొట్టే ఎంజైమ్ ద్రావణంతో కడగాలి, అమ్మోనియా ఉన్నవి వద్దు. వాటి వాసన మూత్రం వాసనకు దగ్గరగా ఉండి మళ్ళీ అక్కడికే పిలుస్తుంది.

ఇంకో సంగతి, అది పోసేటప్పుడు నేను చూస్తే ఆపేసి తోకూపుతూ వచ్చేసేది. అందుకని గోడవైపు తిరిగి, ఓరకంట చూస్తూ, "పోసెయ్ తల్లీ, పోసెయ్" అని గొణిగేవాణ్ణి. పక్కింటాయన కంచె మీదుగా తొంగిచూసి "ఎవరితోనండీ?" అన్నాడు. గోడతో అన్నాను. అప్పట్నుంచీ ఆయన నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు.

ఆ దశ దాటాక తలుపు ఓరగా వేయడం, పూర్తిగా వేయడం మాటల్లో అయిపోయాయి. కిటికీలోంచి మాత్రం కన్ను వేసి ఉంచుతాను. కుక్కపిల్ల బయట ఒక్కతే ఉందంటే ఎవరూ చూడక్కర్లేదని కాదు కదా.

వాన పడితే మాత్రం గడప మీదే కూర్చుని నా మొహం చూస్తుంది. గొడుగు పట్టుకుని ఇద్దరం వెళ్తున్నాం ప్రస్తుతానికి.